పాత తరహా డయళ్ల డిజిటల్ కెమెరా: అందానికేనా, పనికి కూడానా? (వైజాగ్ వాడకానికి సలహా కావాలి)

తీరం_నడక (అడిగినవారు)

అందరికీ నమస్కారం. ప్రస్తుతం వాడుతున్నది ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్, దానితో వచ్చిన 18-55 కిట్ లెన్స్. ఎక్కువగా తీసేవి: తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్, బీచ్ రోడ్డు, పూర్ణా మార్కెట్ సందులు. అప్పుడప్పుడు భీమిలి వైపు. పెళ్లిళ్లు, వీడియో పని లేవు.

కెమెరా మార్చాలనుకుంటున్నాను. మనసంతా పైన అంకెలు చెక్కిన డయళ్లున్న వాటి మీదే ఉంది: ఫూజీ ఎక్స్-టీ5, ఎక్స్100-6, నికాన్ జెడ్ఎఫ్, జెడ్ఎఫ్‌సీ. చేతిలోకి తీసుకుంటే దింపబుద్ధి కాదు. కానీ ఆ డబ్బుకి మామూలు ఆకారంలో ఇంకా వేగంగా ఫోకస్ చేసే బాడీలు వస్తాయని షాపులో అంటున్నారు.

నా ప్రశ్నలు ఇవి. ఆ డయళ్ల వల్ల ఫొటో తీసే పనిలో నిజంగా ఏం మారుతుంది? పై నాలుగింటిలో డయళ్లు అన్నిటిలోనూ ఒకేలా పనిచేస్తాయా? మన ఉప్పుగాలికి, ఇసుకకి ఇన్ని తిరిగే భాగాలున్న బాడీ తట్టుకుంటుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

---

మూడు_వలయాలు

మంచి ప్రశ్న అడిగారండీ. ముందు ఒక మాట. పాత ఫిల్మ్ కెమెరాలో షట్టర్ డయల్ కింద నిజంగానే స్ప్రింగులు, గేర్లు ఉండేవి. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2లో బ్యాటరీ తీసేసినా 1/4000 దాకా షట్టర్ పడేది, లైట్ మీటర్ ఒక్కటే ఆగిపోయేది. ఇప్పటి డిజిటల్ బాడీలో డయల్ అంటే ఓ ఎలక్ట్రానిక్ స్విచ్, అంతే. ఏ అంకె దగ్గర ఉందో ప్రాసెసర్‌కి చెబుతుంది. కాబట్టి డయల్ ఉన్నంత మాత్రాన బొమ్మ నాణ్యత వెంట్రుకవాసి కూడా మారదు.

మారేది మరొకటి. కెమెరా ఆఫ్‌లో ఉండగానే ఎక్స్‌పోజర్ (బొమ్మకి ఎంత వెలుగు అన్న లెక్క) మొత్తం కంటికి కనిపిస్తుంది, అక్కడికక్కడే పెట్టేసుకోవచ్చు. మామూలు బాడీలో నిన్న రాత్రి వదిలేసిన ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) 6400 సంగతి ఆన్ చేసి స్క్రీన్ చూస్తే గానీ తెలియదు. ఇక్కడ మెడలో వేలాడుతుండగానే పైనుంచి ఓ చూపు చూస్తే తెలిసిపోతుంది. నా దృష్టిలో వీటి ఆకర్షణంతా ఇక్కడే ఉంది. తోలు అతుకు, వెండిరంగు ఆ తర్వాతి సంగతి.

అందుకే కొనేముందు చూడాల్సింది ఒక్కటే: అపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం), షట్టర్ (వెలుగు పడే సమయం), ఐఎస్‌ఓ మూడూ ఆఫ్‌లో ఉన్నప్పుడు కనిపిస్తున్నాయా? మీరు చెప్పినవి ఇక్కడే విడిపోతాయి.

ఎక్స్-టీ5లో ఎడమవైపు ఐఎస్‌ఓ డయల్, కుడివైపు షట్టర్ డయల్, దాని పక్కన కాంపెన్సేషన్ డయల్ (కెమెరా లెక్క కన్నా బొమ్మని తెల్లగానో ముదురుగానో చేసేది). అపర్చర్ లెన్స్ రింగు మీద. వేరే మోడ్ డయల్ ఉండదు. రింగు, షట్టర్ రెండూ 'ఏ' (ఆటో) మీద ఉంటే ప్రోగ్రామ్ మోడ్. రింగుని అంకె మీదకు తెచ్చి షట్టర్‌ని 'ఏ'లో వదిలితే అపర్చర్ ప్రయారిటీ. అటుదిటు చేస్తే షట్టర్ ప్రయారిటీ. రెండూ అంకెల మీదకు వస్తే మాన్యువల్. ఐఎస్‌ఓని కూడా అలాగే 'ఏ'లో వదలొచ్చు, కట్టేయొచ్చు. రెండు రోజుల్లో చేతికి పట్టుబడుతుంది.

అయితే లెన్స్ చూసి కొనాలి. చాలామంది కాలు జారేది ఇక్కడే. 23 ఎఫ్/2, 35 ఎఫ్/2, 27 ఎఫ్/2.8 డబ్ల్యూఆర్ (చినుకులు, దుమ్ము తట్టుకునేది) లాంటి ప్రైమ్‌ల (జూమ్ లేని లెన్సుల) రింగు మీద అంకెలు చెక్కి ఉంటాయి. ఎక్స్ఎఫ్ 18-55కి రింగు ఉన్నా అంకెలు ఉండవు, ఎందుకంటే జూమ్ చేస్తే గరిష్ఠ అపర్చర్ 2.8 నుంచి 4కి మారిపోతుంది కాబట్టి అంకె చెక్కే వీలు లేదు. ఎక్స్‌సీ రకం లెన్సులకైతే రింగే లేదు. అవి తగిలిస్తే ఎక్స్-టీ5 కూడా సగం మామూలు కెమెరా అయిపోతుంది.

ఎక్స్100-6లో లెన్స్ ఊడదు, 23 ఎంఎం ఎఫ్/2 ఒక్కటే. రింగు మీద అంకెలున్నాయి. ఐఎస్‌ఓ మాత్రం షట్టర్ డయల్ లోపలి చిన్న కిటికీలో కనిపిస్తుంది, బయటి వలయాన్ని పైకి లేపి తిప్పాలి. చూడముచ్చటగా ఉంటుంది కానీ కంగారులో తిప్పడానికి వీలుగా ఉండదు. దానికి ఐఎస్‌ఓ ఆటో పెట్టి వదిలేయడమే మేలు. లోపలే 4 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగుని తగ్గించే అద్దం; ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది) ఉండటం బీచ్‌లో పెద్ద లాభం.

ఫూజీలోనే ఎక్స్-టీ50 కూడా చూపిస్తారు. అందులో ఎడమవైపు ఐఎస్‌ఓ బదులు ఫిల్మ్ సిమ్యులేషన్ (ఫొటోకి పాత ఫిల్ముల రంగుల తీరు ఇచ్చే) డయల్ పెట్టారు. మీరు అడుగుతున్న పనికి అది కాదు.

నికాన్ రెండింటికీ షట్టర్, ఐఎస్‌ఓ, కాంపెన్సేషన్ డయళ్లు ఉన్నాయి. కానీ మోడ్ మార్చే మీట కూడా ఉంది. ఆ మీట 'ఏ' (ఇక్కడ అపర్చర్ ప్రయారిటీ)లోనో 'పీ' (ప్రోగ్రామ్)లోనో ఉంటే షట్టర్ డయల్ ఏ అంకె చూపిస్తున్నా దానికి విలువ లేదు. అపర్చర్ ముందున్న చిన్న చక్రంతో తిప్పాలి, పైన ఉన్న బుల్లి కిటికీలో అంకె కనిపిస్తుంది, అదీ ఆన్‌లో ఉంటేనే. డయల్ మీద 250 ఉండి అసలు షట్టర్ 1/60 పడుతుంటే, ఆ డయల్‌ని నమ్మేదెలా?

---

ఏఐ_కటకం

మూడు_వలయాలు గారు చెప్పినదాంట్లో ఫూజీ సంగతి ఒప్పుకుంటాను గానీ, జెడ్ఎఫ్‌కి కొంచెం అన్యాయం జరిగింది.

మాన్యువల్ మోడ్‌లో పెట్టి పాత నికాన్ ఏఐ, ఏఐ-ఎస్ లెన్సు (ఫిల్మ్ కాలంనాటి, చేత్తో ఫోకస్ చేసేది) ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఎక్కించండి. అప్పుడు అపర్చర్ లెన్స్ రింగు మీద, షట్టర్ కుడి డయల్ మీద, ఐఎస్‌ఓ ఎడమ డయల్ మీద. మూడూ ఆఫ్‌లో కనిపిస్తాయి. పైగా ఆ లెన్సుల బ్యారెల్ మీద దూరం అంకెలు, ఎంత లోతు షార్ప్‌గా వస్తుందో చూపించే గీతలు కూడా ఉంటాయి. ఫూజీ 23 ఎఫ్/2లో ఫోకస్ రింగు మోటారుతో నడిచేది, బ్యారెల్ మీద దూరం గుర్తులే ఉండవు. ఆ వరసలో 14 ఎఫ్/2.8, 16 ఎఫ్/1.4, మొదటి తరం 23 ఎఫ్/1.4కి మాత్రం ఫోకస్ రింగుని వెనక్కి లాగితే దూరం అంకెలు బయటపడతాయి.

చేయాల్సిన పని ఒకటుంది. మెనూలో నాన్-సీపీయూ లెన్స్ డేటా అని ఉంటుంది. అక్కడ ఫోకల్ లెంగ్త్, గరిష్ఠ అపర్చర్ ఎంటర్ చేయాలి. చేయకపోతే బాడీలోని స్టెబిలైజేషన్‌కి (చేతి వణుకు సరిచేసేదానికి) ఎంత సవరించాలో తెలియదు, 50 ఎంఎం తీసి 105 తగిలించినప్పుడు బొమ్మలు అదరడానికి కారణం సాధారణంగా ఇదే. లెన్స్ మార్చినప్పుడల్లా నంబరు మార్చుకోవడం మరిచిపోకూడదు. ఆటోఫోకస్ ఉండదు గానీ, జెడ్ఎఫ్‌లో మాన్యువల్ ఫోకస్‌లో కూడా ముఖాన్ని, కన్నుని గుర్తుపట్టి చుట్టూ చతురస్రం గీస్తుంది. అక్కడే జూమ్ నొక్కి కన్ను మీద ఫోకస్ సరిచూసుకోవచ్చు.

షట్టర్ డయల్ కింద ఫొటో, వీడియోల పక్కనే నలుపు-తెలుపు స్థానం కూడా ఒకటి ఉంది. మీట అటు తోస్తే వ్యూఫైండర్ మొత్తం నలుపు-తెలుపు అవుతుంది. రా ఫైలు (సెన్సర్ పట్టిన ముడి సమాచారం) కూడా దాచుకుంటే రంగు ఎక్కడికీ పోదు. మార్కెట్ సందుల్లో నీలం, పసుపు టార్పాలిన్ల రంగు అందరి ముఖాల మీదా పడి తినేస్తుంటుంది కదా, అక్కడ దీని విలువ తెలుస్తుంది.

ఇబ్బందులూ చెప్పాలి. బ్యాటరీతో కలిపి 710 గ్రాములు, ముందు చెప్పుకోదగ్గ పట్టు లేదు. బరువైన జూమ్ తగిలిస్తే మణికట్టు లాగేస్తుంది, విడిగా గ్రిప్ కొనాల్సిందే. రెండో కార్డు స్లాట్ మైక్రో ఎస్‌డీది, బ్యాటరీ గదిలోనే ఉంటుంది, తడి వేళ్లతో అది తీయడం నరకం. జెడ్ఎఫ్‌సీ 445 గ్రాములే గానీ అందులో స్టెబిలైజేషన్ లేదు, వాతావరణం నుంచి కాపాడే సీలింగ్ లేదు. హార్బర్‌కి నేనైతే సిఫారసు చేయను.

---

తీరం_నడక

ఇద్దరికీ ధన్యవాదాలు. ఎక్స్-టీ5 + 23 ఎఫ్/2 డబ్ల్యూఆర్ వైపు మొగ్గుతున్నాను. హార్బర్‌లో వెలుగు నిమిష నిమిషానికీ మారుతుంది కదా, అప్పుడు డయళ్లు తిప్పుకుంటూ కూర్చుంటే క్షణాలు పోవా? లైట్ల కింద తీస్తే అడ్డచారలు పడతాయని కూడా విన్నాను.

---

రేవుకాడ

హార్బర్ గురించి నేను చెబుతాను. చాలామంది మూడు డయళ్లూ కట్టేసి కుస్తీ పడతారు. అవసరం లేదన్నా. ఏది కదలకూడదో అది కట్టెయ్, మిగతాది 'ఏ'కి వదిలెయ్.

మనకి సూర్యుడు సముద్రం మీంచే లేస్తాడు. జూన్‌లో 5:20 ప్రాంతంలో, జనవరిలో 6:30 ప్రాంతంలో. అంతకు పావుగంట ముందు వేలం జోరుమీద ఉంటుంది: బుట్టలు మోసేవాళ్లు, ఐసు కొట్టేవాళ్లు, ఎవరూ ఓ క్షణం నిలబడరు. కాబట్టి కట్టేయాల్సింది షట్టర్. 250 మీద పెట్టి నడిమి బొత్తం నొక్కి తాళం వెయ్. అపర్చర్ 2.8. ఐఎస్‌ఓ డయల్ 'ఏ'. మెనూలో ఆటో ఐఎస్‌ఓ ఒకటో వరసలో కనిష్ఠం 125, గరిష్ఠం 6400 పెట్టుకో. తెల్లారకముందు ఐఎస్‌ఓ 1600 దగ్గర ఆడుతుంది, వెలుగొచ్చేకొద్దీ అదే దిగుతుంది. 125కి వచ్చి ఆగిందంటే ఇక దిగడానికి చోటు లేదు, బొమ్మ తెల్లబోతుంది. అప్పుడు రింగు 5.6కి, తర్వాత 8కి. ఆ అరగంటలో నువ్వు తిప్పేది ఆ ఒక్క రింగే.

ఇలా మాన్యువల్‌లో ఐఎస్‌ఓ ఆటో ఉన్నప్పుడు కాంపెన్సేషన్ డయల్ కూడా పనిచేస్తుంది. పడవ వెనకనుంచి సూర్యుడు వస్తుంటే మనుషులు నల్లబడతారు, +1 తిప్పు. నల్లటి ఆకారాలే కావాలంటే -1. కానీ ఆ డయల్‌కి తాళం లేదు. సంచిలోంచి తీసేటప్పుడు పక్క గుడ్డకి రాసుకుని -2/3కో -1కో జరిగిపోతుంది, రోజంతా బొమ్మలు ముదురుగా వస్తాయి, కారణం అంతుపట్టదు. దారి రెండు రకాలు. ఒకటి, కెమెరా తీయగానే బొటనవేలితో తడిమి సున్నా చూసుకోవడం. రెండు, దాన్ని చివరి 'సీ' స్థానంలో పెట్టి ముందు చక్రంతో సవరించుకోవడం, అప్పుడు ±5 దాకా వెళ్లొచ్చు. అయితే 'సీ'లో పెడితే ఎంత ఉందో పైనుంచి కనిపించదు. నాకు మొదటిదే నచ్చుతుంది.

బాగా ఎండెక్కాక ఆటో కూడా అక్కర్లేదు. ఐఎస్‌ఓ 125, ఎఫ్/8, 1/500. మబ్బులేని మధ్యాహ్నం రోడ్డు మీద ఇది సరిపోతుంది. తడి ఇసుక, నురగ ఎక్కువగా ఫ్రేములోకి వస్తే 1/1000. గొడుగు నీడలోకి వెళ్తే మూడు స్టాపులు వదలాలి, అంటే 1/60, లేదా రింగు 4కి తెచ్చి 1/250.

ఎఫ్/8లో 23 ఎంఎంకి ఫోకస్ 3 మీటర్ల దగ్గర మాన్యువల్‌గా పెట్టేస్తే సుమారు 1.6 మీటర్ల నుంచి 30 మీటర్ల దాకా సరిపడా షార్ప్‌గా ఉంటుంది. సందుల్లో ఫోకస్ కోసం ఆగక్కర్లేదు. బ్యారెల్ మీద అంకెలు లేవు కాబట్టి వ్యూఫైండర్‌లో దూరం స్కేలు ఆన్ చేసుకో. మెనూలో డెప్త్ ఆఫ్ ఫీల్డ్ స్కేల్‌ని పిక్సెల్ బేసిస్ నుంచి ఫిల్మ్ ఫార్మాట్ బేసిస్‌కి మారిస్తేనే ఈ లెక్కకి దగ్గరగా చూపిస్తుంది. పిక్సెల్ బేసిస్ 40 మెగాపిక్సెళ్లని నూరు శాతం పెద్దది చేసి చూసేవాళ్ల కోసం, అది చాలా పిసినారి లెక్క.

ఇక చారల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి నాసిరకం ఎల్‌ఈడీ, ట్యూబ్ లైట్ సెకనుకి 100 సార్లు మినుకుతుంది. డయల్ మీద చెక్కిన అంకెలు 60, 125. రెండూ ఆ లెక్కకి కుదరవు. 125 మీద ఉంచి వెనక చక్రాన్ని ఒక్క మెట్టు తగ్గిస్తే 1/100 అవుతుంది, 60 నుంచి తగ్గిస్తే 1/50. పూర్ణా మార్కెట్ లోపల రాత్రి తీస్తుంటే 1/100, ఎఫ్/2.8, ఐఎస్‌ఓ ఆటో. మెకానికల్ షట్టర్‌లోనే ఉంచు. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ని పైనుంచి కిందకి వరస వరసగా చదువుతుంది, ఆ చదివే సమయంలోనే లైటు మినుకుతుంది కాబట్టి చారలు పడే అవకాశం ఎక్కువ.

---

తేమ_40

మూడో ప్రశ్నకి ఎవరూ రాలేదు. వైజాగ్‌లో కెమెరాని చంపేది వాడకం కాదు, వాడాక చేసే నిర్లక్ష్యం.

ఉప్పు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. బీచ్ రోడ్డు మీద గంట నడిస్తే బాడీ మీద కంటికి కనిపించని జిడ్డు పొర ఒకటి చేరుతుంది. తుడవకుండా పెడితే అది ఎండదు, డయల్ అంచుల్లో పేరుకుంటుంది. మొదట కిటికిట తగ్గి బరువుగా తిరుగుతుంది, తర్వాత ఒక అంకె వదిలి ఇంకో అంకెకి దూకుతుంది. ఇసుక ఇంకోరకం: డయల్ కింద చిక్కిన రేణువుని మీరే తిప్పి తిప్పి లోపలికి తోస్తారు.

అందుకని ఇంటికి రాగానే ఈ వరసలో చేయండి. పవర్ ఆఫ్, లెన్స్ ఊడదీయకండి, తలుపులన్నీ మూసే ఉంచండి. డయళ్లు తిప్పకముందే కెమెరాని తలకిందులుగా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో డయళ్ల చుట్టూ, అపర్చర్ రింగు సందులో గట్టిగా ఊదండి. తలకిందులుగా ఎందుకంటే ఊడిన ఇసుక కిందకి రాలాలి, లోపలికి కాదు. తర్వాత మెత్తటి బ్రష్. ఆ తర్వాత మైక్రోఫైబర్ గుడ్డని డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి, చుక్క రాలకుండా పిండి, బాడీ అంతా తుడవండి. ఉప్పు నీళ్లకే కరుగుతుంది, పొడిగుడ్డతో రుద్దితే జరుగుతుందే గానీ పోదు. వెంటనే పొడిగుడ్డ. చివర్లో ఒకసారి ప్రతి డయల్‌నీ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. నూనె స్ప్రేలు, డబ్బాల్లో వచ్చే ప్రెషర్ గాలి దగ్గరకి రానీయకండి. నూనె దుమ్ముని పట్టి ఉంచుతుంది, ప్రెషర్ గాలి ఇసుకని సీలు దాటించి లోపలికి పంపుతుంది.

ఎక్స్-టీ5కి సీలింగ్ ఉంది, కానీ లెన్స్ కూడా డబ్ల్యూఆర్ అయితేనే మౌంటు దగ్గర రబ్బరు వలయం ఉంటుంది. ఎక్స్100-6 అయితే లెన్స్ ముందు అడాప్టర్ రింగు, 49 ఎంఎం ఫిల్టర్ వేసేదాకా సీలింగ్ పూర్తి కాదు. ఆ రెండూ పెట్టెలో రావు, విడిగా కొనాలి. ఏదైనా సీలింగ్ అంటే చినుకులకి, అల కింద పడేస్తే కాదు.

ఈ రెట్రో బాడీలతో పాటు చాలామంది తోలు హాఫ్ కేస్ కొంటారు. వాడండి, కానీ దాంతోనే బీరువాలో పెట్టకండి. తోలు తేమని పట్టుకుంటుంది, తోలుకి బూజు పట్టిందంటే పక్కనున్న లెన్సుకి ఫంగస్ రావడానికి ఎంతోకాలం పట్టదు. రాత్రికి కేస్ విప్పి, కెమెరాని డ్రై క్యాబినెట్‌లో 40 నుంచి 50 శాతం తేమ మధ్య ఉంచండి. క్యాబినెట్ ఖరీదనుకుంటే మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచేది), సిలికా జెల్ చాలు. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే 110-120 డిగ్రీల వేడిలో ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. నీలం రంగు కోబాల్ట్‌ది, కాబట్టి వంటకి వాడే గిన్నెల్లో వేడి చేయకండి. 30 శాతం కన్నా కిందకి కూడా పోనీయకండి, రబ్బరు గ్రిప్పులు, కందెనలు ఎండిపోతాయి.

ఏసీ గదిలోంచి తీసి నేరుగా మే నెల ఉక్కపోతలోకి పట్టుకెళ్తే లెన్స్ మీద పొగమంచులా తేమ పడుతుంది. సంచి జిప్పు తీయకుండా ఇరవై నిమిషాలు బయటి వేడికి అలవాటు పడనిచ్చి, అప్పుడు తీయండి.

---

తీరం_నడక

చాలా చాలా ఉపయోగపడింది. బాడీ సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాను. ఉప్పుగాలి తిన్న కెమెరానా కాదా అని షాపులో నిలబడి పది నిమిషాల్లో ఎలా కనిపెట్టాలి?

---

మూడు_వలయాలు

ఫోన్ టార్చి, మీ సొంత మెమరీ కార్డు తీసుకెళ్లండి.

ఆన్ చేసి వ్యూఫైండర్‌లో చూస్తూ షట్టర్ డయల్‌ని ఒక్కో మెట్టుగా 1 నుంచి 8000 దాకా తిప్పండి. ప్రతి అంకె దగ్గరా లోపల కూడా అదే అంకె రావాలి. మళ్లీ వెనక్కి తిప్పండి, ఎందుకంటే కొన్ని డయళ్లు ఒకవైపే తడబడతాయి. ఐఎస్‌ఓ డయల్, కాంపెన్సేషన్ డయల్, లెన్స్ రింగు అన్నిటికీ ఇదే పరీక్ష. డయల్ కదపకుండా రెండు నిమిషాలు వదిలినా అంకె తనంతట తానే ఊగుతుంటే లోపలి స్విచ్ పాడైనట్టే, ధర ఎంత తగ్గించినా వద్దనండి. రెండు తాళం బొత్తాలూ నొక్కి వేసి, తీసి చూడండి. లోపలికి దిగి పైకి రాకపోతే ఉప్పు చేరినట్టు లెక్క.

తర్వాత స్క్రూలు. బాడీ అడుగున, లెన్స్ మౌంటు చుట్టూ ఉన్న స్క్రూ తలల మీద గోధుమరంగు మచ్చలుంటే సముద్రం దగ్గర బాగా తిరిగిన బాడీ. తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారు. హాట్ షూ (పైన ఫ్లాష్ తగిలించే చోటు) పట్టాలు, బ్యాటరీ గది లోపలి పిన్నులు టార్చి వేసి చూడండి, ఆకుపచ్చ పొడి కనిపిస్తే వదిలేయండి.

లెన్స్‌ని విప్పి చేతిలోకి తీసుకుని వెనకనుంచి టార్చి ఏటవాలుగా వేసి ముందునుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా కొమ్మలు కొమ్మలుగా ఉంటే ఫంగస్, విడివిడి చుక్కలైతే దుమ్ము. దుమ్ముతో నష్టం లేదు. 23 ఎఫ్/2కి బేరం కుదరకపోతే 27 ఎఫ్/2.8 డబ్ల్యూఆర్ చూడండి, రింగు మీద అంకెలున్నదే తీసుకోండి. అంతకుముందు వచ్చిన 27కి రింగు లేదు, పైపైన చూస్తే ఒకేలా కనిపిస్తాయి.